తుప్పు పట్టిన మరమేకు



యానాంలో ఇల్లున్నవారికి తుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకపక్క గోదావరి, దాపున సముద్రం. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. 1996 నవంబరు తుపానుకు మా వీధి తలుపు తడిసి ఉబ్బింది. చిత్రిక పట్టించాలంటే తలుపు దించాలి. మడతబందుల మరమేకులు, అదే స్క్రూలు, తుప్పుతో బిగిసి ఉన్నాయి. చేతికందిన చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి బలంకొద్దీ తిప్పాను. మేకు కదల్లేదు సరికదా, తలమీది గాడి చెరిగిపోయింది. చివరకు వడ్రంగి మేస్త్రి ఉలితో ద్వారబంధం చెక్కి దాన్ని తీయవలసివచ్చింది. తాతగారి నాటి టేకు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మేకు రంధ్రంలో బిగుసుకుంటుంది. ముందు ఆ పట్టు విడిపించాలి, బలం తరువాతి మాట.

మొదట గాడిలోని రంగు, తుప్పు పాత రంపపు బ్లేడు ముక్కతో గీకి శుభ్రం చేయండి. గాడి పొడవుకు, మందానికి సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకోండి. దాన్ని మేకుకు తిన్నగా నిలిపి, పిడిమీద సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి. లోపలి తుప్పు చిట్లుతుంది. విప్పే ముందు వెంట్రుకవాసి బిగించేవైపు కదపండి. కదిలితే ఎడమకు తిప్పండి. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు, అలా నెమ్మదిగా రానివ్వండి.

అప్పటికీ కదలకపోతే? ఇనుములో బిగిసిన మరకు తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. కర్రలోని మేకుకు మాత్రం వేడి మేలు. నూనె కర్రలోకి ఇంకి మరక చేస్తుంది. రేడియోలు బాగుచేసేవారి సోల్డరింగ్ ఐరన్ మొనను మేకు తలమీద రెండు నిమిషాలు ఆనించి, చల్లారనివ్వండి. వేడికి మేకు వ్యాకోచించి, చల్లారి ముడుచుకుంటుంది, పట్టు సడలుతుంది. నూనె వేసినచోట వేడి పెట్టవద్దు, నిప్పంటుకోవచ్చు.

తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు వాడండి. మరలకు కొవ్వొత్తి మైనం రాయండి. సబ్బు వద్దు, అది చెమ్మను లాగుతుంది.

ఆనాడు మిగిలిన మేకులన్నిటినీ మేస్త్రి గాడి శుభ్రంచేసి, మెల్లగా తట్టి, ఒక్క గాటు పడకుండా తీశారు. వాటన్నిటికీ కలిపి పట్టిన సమయంకంటే, నేను తొందరపడి పాడుచేసిన ఆ ఒక్కదానికే ఎక్కువ పట్టింది.