ఇంటర్నెట్ వేగం – నా కొలతల రిజిస్టరు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం, కరువు భత్యం వంటి పెద్ద విషయాలు మాట్లాడిన పెద్దల తర్వాత, ఇళ్ళలోని ఇంటర్నెట్ వేగం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖ కార్యాలయంలో 36 సంవత్సరాలు గుమస్తాగా పనిచేసి, 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే ఈ విషయంలో నేనొక తప్పు చేసి, దానివల్ల కొంత నేర్చుకున్నాను. అదే మనవి చేస్తాను.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే సెకనుకు కనీసం 256 కిలోబిట్లు ఉంటే చాలన్నారు. 2023 జనవరి నుంచి ఆ కనీసం 2 మెగాబిట్లు అయింది. ఇప్పుడు మన వీధుల్లో 50, 100, 200 అంటూ అమ్ముతున్నారు. నేను 100 తీసుకున్నాను.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ప్రతి శనివారం రాత్రి ఎనిమిది గంటలకు మా ఇంటావిడ వెనక గదిలో మంచం మీద కూర్చుని ఫోనులో మనవరాలికి పద్యాలు నేర్పుతుంది. పద్యం సగంలో బొమ్మ నిలిచిపోయేది. "పిల్ల నోరు తెరుస్తోంది గానీ మాట రావడం లేదండీ" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నాకు కోపం వచ్చింది. మరమ్మతుకు వచ్చే అబ్బాయి అశ్రద్ధ చేస్తున్నాడని కంపెనీకి గట్టిగా ఫిర్యాదు రాశాను. రాయడం మనకు చేతనైన పనే కదా!

మర్నాడు ఆ అబ్బాయి వచ్చాడు. "తాతగారండీ, ఆ ఫిర్యాదు నా పేరున పడిందండి. ఈ నెల డబ్బుల్లో కోత పెడతారండి. మీ ఇంటి పెట్టె దాకా వంద వస్తోందండి, ఆ తర్వాత మీ గోడలేనండి" అన్నాడు. నేను నమ్మలేదు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. విచారణ లేకుండా నోటు రాశానే అనిపించింది. తెల్లవారగానే ఒక పాత రిజిస్టరుకు గీతలు గీసి, పది రోజులు కొలతలు తీశాను.

కాలువ నీటిని క్యూసెక్కుల్లో, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులని కొలుస్తాం. ఇదీ అంతే, సెకనుకు ఇన్ని మెగాబిట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కనుక 100 మెగాబిట్ల లైనులో సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే దిగుతాయి. ఇది తెలియక మోసపోయామనుకునేవారు చాలామంది ఉన్నారు. పరీక్షలో మూడు అంకెలు కనబడతాయి. మొదటిది మనకు దిగే వేగం. రెండవది మన ఇంటినుంచి ఎక్కే వేగం. మూడవది పింగ్, అంటే మన కేక అవతలికి వెళ్ళి బదులు తిరిగి రావడానికి పట్టే కాలం. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది.

ఉదయం ఆరింటికి, మా అబ్బాయి లాప్‌టాప్‌కు పెట్టె నుంచి తీగ తగిలించి చూస్తే 94 వచ్చింది. అదే సమయంలో తీగ లేకుండా వెనక గదిలో ఫోనుతో చూస్తే 7. ఆ అబ్బాయి చెప్పింది నిజమే. దుమ్ము పడుతుందని ఆ పెట్టెను స్టీలు బీరువా వెనక పెట్టించి గుడ్డ కప్పించింది నేనే. దాన్ని హాలులో ఎత్తుగా పెడితే వెనక గదిలో 38 వచ్చింది. వై-ఫైలో రెండు రకాలున్నాయి. 2.4 అనేది గోడలు దాటి దూరం పోతుంది గానీ వేగం తక్కువ. 5 అనేది వేగం ఎక్కువ గానీ గోడలకు ఆగిపోతుంది.

అయితే తప్పంతా నాదే కాదు. రాత్రి ఎనిమిదికి తీగతో చూసినా 31 దాటలేదు. అందరూ ఒక్కసారే తూములు తెరిస్తే చివరి ఆయకట్టుకు నీరు అందనట్లే ఇది. అప్పుడు మరో కంపెనీ 50 తీసుకున్న పక్కింటివారి దగ్గర, అదే లాప్‌టాప్‌తో, అదే గంటకు కొలిచాను. 47 వచ్చింది. టవరు నుంచి గాలిలో వచ్చే కనెక్షన్ ఉన్న మిత్రుని ఇంట్లో పగలు 180, రాత్రి 40. అంకె పెద్దదైనంత మాత్రాన నిలకడ ఉన్నట్లు కాదని తెలిసింది.

కొలిచేవారికి నా మనవి. ఒకే సాధనంతో, ఒకే పరీక్షతో, ఒకే వేళ, వీలైతే తీగ తగిలించి కొలవండి. ఇంట్లో టి.వి., ఇతర ఫోన్లు ఆపండి. ఉదయం, రాత్రి రెండుసార్లు చూడండి. ఓక్లా వారి స్పీడ్‌టెస్ట్‌లో సర్వర్ ఎంచుకోవచ్చు. అన్ని ఇళ్ళలోనూ అదే ఉంచండి. మన ట్రాయ్ వారి మైస్పీడ్ కూడా ఉంది. ఫోను డేటాతో మాత్రం పదే పదే చేయకండి. 100 మెగాబిట్ల వేగంతో పది సెకన్ల పరీక్షకే 125 మెగాబైట్లు ఖర్చవుతాయి. నెలకింత అని హద్దు దాటాక వేగం తగ్గించే ప్లాన్లు ఉంటాయి, అదీ అడగండి. వీడియోలో మాట్లాడడానికి నిలకడగా మూడు నాలుగు మెగాబిట్లు దిగి, అన్నీ ఎక్కితే చాలు. మనం 200కు డబ్బు కట్టనక్కరలేదు.

కంపెనీకి రెండవ ఉత్తరం రాశాను. అబ్బాయి మీద రాసినది నిరాధారమని, ఉపసంహరించుకుంటున్నానని మొదటి పేరాలో. రాత్రి కొలతలు పది రోజులవీ తేదీలతో రెండవ పేరాలో. నా సర్వీసులో రాసిన నోటును నేనే వెనక్కి తీసుకున్న సందర్భం ఒక్కటీ లేదు. వారంలో ఒక అధికారి వచ్చి వీధి చివర లైను మార్పించారు. ఇప్పుడు రాత్రి 80 తగ్గడం లేదు.

ఆ అబ్బాయిని కోత సంగతి అడిగాను. "ఆ నెలది పోయిందండి, మళ్ళీ పడలేదండి" అన్నాడు. ఆ డబ్బు నేనిస్తానంటే పుచ్చుకోలేదు. కాఫీ తాగి వెళ్ళాడు.

మిత్రులారా, ఫిర్యాదు మన హక్కు. కానీ రిజిస్టరు ముందు, ఫిర్యాదు తర్వాత. మీలో ఎవరింట్లో కొలవాలన్నా నా రిజిస్టరులో ఇంకా ఖాళీ పేజీలున్నాయి. కబురు చేయండి, వస్తాను.