వివాహమున ఆచారమెంత? భయమెంత?



పెండ్లిండ్ల కాలము వచ్చినదనగా, భద్రకాళి అమ్మవారి దర్శనము చేసికొని, జాతకములు చేతబట్టుకొని మా యింటి గడప త్రొక్కు తల్లిదండ్రులు అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటియే. "అయ్యగారూ, పిల్లది మూలా నక్షత్రం. మామకు గండమంటున్నరు. ఎట్ల చేయమంటరు?" మూల అయినచో మామకు, ఆశ్లేష అయినచో అత్తకు, జ్యేష్ఠ అయినచో బావకు, విశాఖ అయినచో మరిదికి కీడని లోకమున ఒక మాట పాతుకొనియున్నది. ఈ మాటను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా మన గృహ్యసూత్రములలోని ఒక వింతను వినుడు. ఆశ్వలాయనుల వారు కన్యాపరీక్షను చెప్పుచు ఎనిమిది మట్టిముద్దలు చేయుమన్నారు. ఏటికి రెండు పంటలు పండు చేనిమట్టి, పసులకొట్టపు మట్టి, యజ్ఞవేదిమట్టి, ఎండని మడుగు మట్టి, జూదశాలమట్టి, నాలుగు త్రోవల కూడలి మట్టి, చవిటినేలమట్టి, శ్మశానపు మట్టి. పిల్ల ఏ ముద్దను తాకునో దానిని బట్టి ఫలము. చేనిమట్టి నెత్తుకొన్నచో సంతానమునకు అన్నసమృద్ధి. శ్మశానపు మట్టి నెత్తుకొన్నచో పతికి చేటు. ఆపస్తంబ సూత్రమునందును ఇట్టి పరీక్షయే యున్నది. డెబ్బది దాటిన యీ వయస్సు వరకు వందల పెండ్లిండ్లు చేయించితిని, చూచితిని. ఏ యింటను ఈ ముద్దల పళ్ళెరము నాకు కానరాలేదు. పాణిగ్రహణము నిలిచినది, లాజహోమము నిలిచినది, సప్తపది నిలిచినది. మట్టిముద్దలు మాత్రము పోయినవి. వానిని విడిచిన మన పెద్దలను ధర్మభ్రష్టులని యెవరైన అందురా?

మరియొకటి. నక్షత్రము పేరు, నది పేరు, చెట్టు పేరు గల కన్యను వరింపరాదని కూడ ఆపస్తంబుల వారు చెప్పియున్నారు. మరి మన యిండ్లలో రోహిణులెందరు, రేవతులెందరు, గంగమ్మలు, గోదావరులు, తులసులు ఎందరు! వారందరు పుస్తెమట్టెలతో చల్లగా సంసారములు చేసికొనుచునే యున్నారు. పేరులోని నక్షత్రమును సూత్రకారుడే వలదన్నను పట్టించుకొనని మనము, జాతకములోని నక్షత్రమును పట్టుకొని పిల్లను త్రిప్పి పంపుట నాకు విడ్డూరముగ తోచును.

ఆ సూత్రకారుడే ఈ లక్షణములన్నియు చెప్పి చివరకు ఏమన్నాడో చాలమంది వినియుండరు. ఏ కన్యయందు వరుని మనస్సును చూపును నిలుచునో ఆమెయందే సమృద్ధి కలదు, తక్కినదేదియు చూడనక్కరలేదని కొందరి మతముగా చెప్పినాడు. ఇది సినిమాలవారు కల్పించిన మాట కాదు, వేదాంగమైన కల్పములోని మాట.

ఆచారములు వలదని నేననుట లేదు. వివాహమునందలి ఆచారములను స్త్రీలను అడిగి తెలిసికొనుడని ఆపస్తంబులు, ఆయా జనపదముల, గ్రామముల ధర్మములను పెండ్లిలో పాటింపుడని ఆశ్వలాయనులు ఆదేశించిరి. మన తెలంగాణమున మైలపోలు తీయుట, కుమ్మరి యింటినుండి ఐరేని కుండలు తెచ్చుట, సుముహూర్తమున జీలకఱ్ఱ బెల్లము పెట్టుట, పుట్టినింటిదొకటి మెట్టినింటిదొకటి రెండు పుస్తెలు కట్టుట ఇట్లు వచ్చినవే. ఇతర దేశములవారికిని ఇట్టివి కలవు. యూదుల పెండ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో త్రొక్కి పగులగొట్టును. నాశనమైన తమ జెరూసలేము ఆలయమును ఆ సంతోషములోను మరువకుండుటకట. జర్మనీలో పెండ్లికి ముందటి రేయి చుట్టములు కుండలు, పళ్ళెములు పగులగొట్టుదురు. ఆ పెంకులను వధూవరులిద్దరును కలిసి ఊడ్వవలెను! వీనివలన ఎవరికిని కీడు లేదు.

కీడు చేయునది వేరు. జపాను దేశమున అరువదియేండ్ల కొకమారు 'అగ్ని గుఱ్ఱపు' సంవత్సరము వచ్చును. ఆ యేట పుట్టిన ఆడుది మగని ప్రాణము తీయునని అక్కడి నమ్మకము. 1965లో ఆ దేశమున పదునెనిమిది లక్షలకు మించి శిశువులు జన్మింపగా, 1966లో ఆ భయముచేత సుమారు పదమూడున్నర లక్షలే జన్మించిరి. మరుసటి యేడు మరల సంఖ్య పెరిగినది. 1966 ఉగాదికి మనకు వచ్చినది పరాభవనామ సంవత్సరము. ఆ యేట మన యిండ్లలో పుట్టిన ఆడుబిడ్డలను ఆ కారణమున ఎవరును శంకింపలేదు. మన మూలానక్షత్రమును గూర్చి జపాను వారికి దిగులే లేదు. గండము ఆకాశముననే యున్నచో దేశమును బట్టి మారునా?

ఇక నా తప్పు నేను చెప్పుకొనవలెను. ముప్పదియేండ్ల వయస్సున నొక గృహస్థు తన కుమారునకు కుదిరిన సంబంధపు జాతకము చూపెను. మూల యని చూచినంతనే "ఆలోచించుకొనుడు" అంటిని. ఆ ఒక్క మాటకే సంబంధము తప్పిపోయినది. మూలా చివరి పాదమునకు, ఆశ్లేషా మొదటి పాదమునకు దోషము లేదని ముహూర్తగ్రంథములే మినహాయించినవి. నేను పాదము చూడలేదు. ఆ పిల్లది చివరి పాదమేనని తరువాత తెలిసినది. ఇట్లు నాలుగైదు సంబంధములు తప్పి, ఆమె అన్నగారి యింటనే ఉండిపోయినది. కొన్నేండ్లకు ఒక వ్రతమున ఆమెయే నాకు తాంబూలమిచ్చి పాదములకు మ్రొక్కినది. నా నోట ఆశీర్వచనము సరిగా రాలేదు.

మొన్న మరల అదే ప్రశ్నతో ఒక తండ్రి వచ్చెను. కుమారుడును వెంట ఉండెను. నేను జాతకము విప్పక ముందే "నాయనా, పిల్ల నీకు నచ్చినదా?" అని అడిగితిని. అతడు తండ్రివంక చూచి, తల వంచుకొని, నచ్చినదనెను. అప్పుడు పంచాంగము తెమ్మంటిని.