జీర్ణ కౌశేయము
(సాంస్కృతిక సంఘ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఉద్యోగరీత్యా స్వస్థలమును వీడి తిరుగు సంసారములకు రెండు విధములైన ఆస్తి యుండును. ప్రతి బదిలీలోను అమ్మివేయబడునది ఒకటి. ఇనుపపెట్టెలో వెంట వచ్చునది మరియొకటి. ఆ పెట్టె అడుగున తరచుగా నొక పట్టు ఉత్తరీయమో, కండువయో కనబడును. కన్యాదాన సమయమున తండ్రి భుజముపై నున్నది అదియే కావచ్చును; ఏదో సభలో సత్కారముగా కప్పినదియు కావచ్చును. ఏండ్లు గడచిన పిదప తెరచి చూచినచో మడతలు పడిన చోటులనే అది చీలి యుండును. అప్పుడు ఇంటిలో ప్రశ్న పుట్టును: పాతబట్టలకు గిన్నెలిచ్చువారికి వేయుటయా, అటులే దాచుటయా, కత్తెర పెట్టుటయా?

పట్టు ఏల చీలునో ముందుగా తెలిసికొనవలెను. అది మన వెండ్రుకవలె మాంసకృత్తుతో నైన పదార్థము. ఎండ, చెమట, క్షారము గల సబ్బు దానిని బలహీనపరచును. ఒకే మడతపై ఏండ్ల తరబడి ఒత్తిడి పడినచో పోగులు విరుగును. కావున పట్టును కుంకుడు పులుసుతో ఉతికి, నీడను ఆరవేసి, అప్పుడప్పుడు మడత మార్చిపెట్టిన మన పెద్దల అలవాటు వట్టి చాదస్తము కాదు.

కత్తెర పట్టుటకు ముందు మూడు పరీక్షలు అవసరము. కిటికీ వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో పలుచబడిన చోటులు తెలియును. రెండు చేతులతో మెల్లగా లాగి చూచినచో బలము గల భాగమేదో తెలియును. అంచునుండి ఒక పోగు తీసి వెలిగించినచో, అసలు పట్టు వెండ్రుక కాలిన వాసన వచ్చి, నలిపిన పొడియగు బూడిదగా మారును. పాలియెస్టరు కరిగి గట్టిపూస కట్టును. జరీ విషయమునను జాగ్రత్త వలయును. అసలు జరీలో పోగునకు చుట్టినది బంగారుపూత గల వెండితీగ. దానిని విడదీసినను విలువ కలదు. తెలియక దానిని ఒక గిన్నెకు మార్చుకొనుట నష్టము.

జీర్ణవస్త్రమునకు ఆధారము ప్రధానము. ఉతికిన పలుచని మల్లుగుడ్డపై దానిని పరచి, సన్నని సూదితో వరుసగా కుట్టి, ఆ పిదపనే కోయవలెను. ముందు కోసినచో పోగులు జారిపోవును. ఇట్లు కుట్టిన ముక్క నగల సంచి యగును, దిండు గలేబు యగును, పసిబిడ్డ కుల్లాయి యగును, పండుగనాటి బొమ్మలకొలువునకు మెట్లపై పరపగును. గట్టిగా నున్న అంచును విడదీసి నేత రవికచేతులకు కుట్టవచ్చును. మరీ చినిగినదానిని అంగుళము వెడల్పు పేలికలుగా చించి, నూలు పడుగుపై పేకగా నేయించినచో చక్కని చాపయగును.

ఇది మన ఇండ్లకే పరిమితమైన విద్య కాదు. తెలుగునాట బొంత, కన్నడసీమలో కౌది, బీహారులో సుజని, సింధులో రల్లి, వంగదేశమున కాంథా, అన్నియు పాతబట్టల పొరలను సూదితో కలిపినవే. కాంథాలు కుట్టిన స్త్రీలు పాత చీరల అంచులనుండియే రంగుదారములు తీసికొనెడివారు. గురుసదయ్ దత్తు (1882–1941) ప్రభుత్వోద్యోగి, ఐ.సి.యస్. అధికారిగా పల్లెలు తిరుగుచు అట్టి కాంథాలను సేకరించెను. ఇంటి మూలనున్న పాతగుడ్డ ఒక జాతి కళాసంపద కాగలదని ఆయన సేకరణ నిరూపించినది.

అయినను కోయదగనిదియు కలదు. ఢిల్లీలో ఒక విశ్రాంతోద్యోగి గృహమున జరిగిన సంగతి. తండ్రిగారి పెండ్లి ఉత్తరీయము నాలుగు మడతల వెంట చీలినది. నలుగురు బిడ్డలకు నాలుగు ముక్కలు పంచుదమని కుమారుడు, ఇంటికోడలు నిశ్చయించిరి. వృద్ధురాలైన తల్లి చాలసేపు మాటాడలేదు. పిదప గుడ్డను దగ్గరకు తీసికొని ఒక మూలను వ్రేళ్ళతో తడిమినది. అచ్చట పసుపు మరక యున్నది. "అమ్మాయీ, తక్కినదంతా మీ ఇష్టము. ఈ మూల మాత్రము కోయవద్దమ్మా. ఆనాడు నా కొంగుతో ముడివేసినది ఇక్కడే" అని కోడలితో ననినది.

కోడలు కత్తెర క్రింద పెట్టినది. మరునాడు మూడు ముక్కలే సిద్ధమైనవి. వానిని తక్కిన మువ్వురికిని పంపిరి. పసుపుమూల గల నాలుగవ భాగము కోయబడక, మల్లుగుడ్డ ఆధారముతో, మడత లేకుండ ఒక కఱ్ఱకు చుట్టబడి తల్లి పెట్టెలో చేరినది. తన వాటా తగ్గినదని కుమారుడు అనుకొనలేదు.

కుట్టిన కుట్టును విప్పవచ్చును. కోసినదానిని మరల అతుకలేము. కావున పాతపట్టు చేతికి వచ్చినప్పుడు సూదిని వెదకుటకు ముందు, ఆ గుడ్డ కథ తెలిసిన పెద్దలు ఇంటిలో నున్నంతలోనే వారిని అడుగుట మేలు. వస్త్రమునకు జీర్ణత తప్పదు. దాని కథకు మాత్రము జీర్ణత రాకుండ కాపాడుట మన చేతిలోని పని.