తేనెటీగకు తీపి యెట్లు తెలియును?



చక్కెర జబ్బు గలవారు కాఫీలో వేసికొను సాకరిన్ బిళ్ల చక్కెరకంటె కొన్ని వందల రెట్లు తీపియని మన నాలుక చెప్పుచున్నది. ఆ బిళ్లనే నీట కరగించి తేనెటీగ ముందుంచినచో, అందు దానికి తీపి యేమాత్రమును తోపక విడిచిపోవును. తీపి పదార్థమునందే యున్నదని మనము నమ్ముదుము గాని, నాకు చూడగా, అది తినుప్రాణి తన యాకలిని బట్టి యిచ్చుకొను తీర్పు. ఈ మాటకు తేనెటీగకంటె మంచి సాక్షి లేదు.

తేనెటీగల నృత్యభాషను విప్పిచెప్పి 1973లో నోబెల్ బహుమానమందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడు, అంతకు దాదాపు నలుబదేండ్లు ముందుగనే, 1934లో, వాని రుచిజ్ఞానమును గూర్చి విపులమైన పరిశోధన ప్రకటించెను. ముప్పదికి మించిన చక్కెరలను ఆయన యొక్కొక్కటిగ పరీక్షింపగా, ఈగలకు తీపి యనిపించినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. పూదేనెయందు సహజముగ నుండు చెఱకుచక్కెర, ద్రాక్షచక్కెర, పండ్లచక్కెర వానికి మిక్కిలి ప్రీతి. పసిబిడ్డకు తల్లిపాలలో లభించు పాలచక్కెర వానికి తీపియే కాదు.

వంట చేయు తల్లి గరిటెతో ఒక్క చుక్క అరచేత వేసికొని చవిచూచునట్లు, తేనెటీగ తొండము చాపకమునుపే తలపై మీసములవలె నుండు స్పర్శశృంగముల కొనలతో మధువును తాకి పరీక్షించును. దాని ముంగాళ్ల పాదములకును రుచి తెలియును. ఈ యవయవములపై సన్నని బోలు రోమములు గలవు. రోమాగ్రమున నొక సూక్ష్మరంధ్రము. అందుండి లోనికింకిన చక్కెర అచ్చటి నాడీకణములను తాకగానే వార్త మెదడునకు పోవును. ఆకలిగొన్న ఈగ స్పర్శశృంగమునకు పానకపు చుక్క తాకించినచో తొండము తటాలున ముందుకు సాగును. ఇది పరిశోధకులకు కొలబద్ద వంటిది.

ఆ కొలబద్దతో కొలిచి చూడగా అన్ని ఈగల రుచియు నొక్కటి కాదని తేలినది. పుప్పొడి తెచ్చు ఈగ మిక్కిలి పలుచని పానకమునకే తొండము చాపును. మధువు తెచ్చు ఈగ చిక్కనిదైనగాని లక్ష్యపెట్టదు. ఇందులో గొప్ప మితవ్యయమున్నది. నూటికి ఇరువది పాళ్లు చక్కెర గల పూదేనెనుండి కిలో తేనె కావలెనన్న కుడియెడమగా నాలుగు కిలోలు మోసితెచ్చి, మూడు కిలోల నీటిని రెక్కలతో విసరి యార్పవలెను. నలుబది పాళ్లు గలదైనచో రెండు కిలోలు చాలును. అయినను ఈగ నియమము రాతిపై చెక్కినది కాదు. పూలు కరవైన దినములలో ఐదారు పాళ్ల పలుచని నీటినైనను స్వీకరించిన యీగలే, పూలు విరివిగ పూచిన కాలమున నలుబది పాళ్లకు తక్కువైన దానిని త్రోసివేయుట ఫ్రిష్ స్వయముగ కనుగొనెను. పట్టులోని కొఱతయు కలిమియు ఒక్కొక్క ఈగ నాలుకపై పలుకుచున్నవన్నమాట. ఇంతటి పొందిక మన యుమ్మడి కుటుంబములలోనైన నుండెనో లేదో!

ఇక విచారింపవలసిన సంగతి యొకటి గలదు. 2006లో యూరపు జాతి తేనెటీగ జన్యుపటమును చదివినప్పుడు, రుచిగ్రాహకముల జన్యువులు పదియే కనబడినవి. పండ్లపై ముసరు చిన్న యీగకు దాదాపు అఱువది గలవు. వాసనకైనచో తేనెటీగకు నూటడెబ్బది గలవు. పూవు వాసనతో పిలిచి తీపితో సత్కరించుచుండగా, అనేకములైన విషములను నాలుకతో నేరుకొను పని దానికి అంతగా పడలేదు కాబోలు. పూవుపై గల ఆ నమ్మకమే నేడు దానికి ముప్పు తెచ్చుచున్నది. ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సాం అను పురుగుమందులు పానకమున కలిసినను తేనెటీగ రుచినాడులు పసికట్టలేవనియు, కొద్ది మోతాదులో కలిపినప్పుడు మందు లేని పానకముకంటె దానినే యెక్కువగ త్రాగుననియు 2015లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

కావున, వ్యవసాయము చేయు శ్రోతలారా, పొద్దుతిరుగుడు గాని నువ్వు గాని ధనియాల పైరు గాని పూత మీదనున్నప్పుడు ఇట్టి మందులు చల్లకుడు. వేరొక మందు తప్పనిసరియైనచో, ఈగలు పట్టు చేరిన పిదప, ప్రొద్దుగ్రుంకిన వేళనే చల్లుడు.