లెక్కకెక్కని చావులు: 1948, సుందర్‌లాల్ నివేదిక, మనం

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా చరిత్ర చెప్పినవారు. అందుకే గద్వాలలో నిలబడి 1948 గురించి మాట్లాడదలిచాను. మీలో కొందరికి నచ్చకపోవచ్చు. ఆయనకు నచ్చేది.

1948 డిసెంబరు 9న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ జాతి నిర్మూలనను నేరంగా ప్రకటిస్తూ ఒడంబడికను ఆమోదించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ హైదరాబాద్ రాష్ట్రంలో పల్లెలు తిరుగుతున్నారు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తొమ్మిది జిల్లాలు చూశారు. తాము వెళ్లలేని 109 ఊళ్లవాళ్లను, 500 మందికి పైగా, పిలిచి అడిగారు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన సైనిక దాడి, అంటే పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని తేల్చారు. చచ్చినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తగ్గరన్నారు. ఒక బావిలో 11 శవాలు లెక్కపెట్టారు. వాటిలో ఒక తల్లి, ఆమె రొమ్మును కరుచుకున్న పసిబిడ్డ ఉన్నారు.

మరి నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్లు చేసిందో? ఈ మాట అడగాల్సిందే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరాన్ని తెలంగాణ మరువలేదు. మన పాలమూరులోనే, అప్పంపల్లిలో, 1947 అక్టోబరులో నిజాం పోలీసుల తూటాలకు జనం నేలకొరిగారు. సుందర్‌లాల్ బృందం నివేదిక కూడా రజాకార్ల మీది ఈ కక్షను దాచలేదు. కానీ రజాకారు చేసిన పాపానికి బీదర్ పల్లెలో దూదేకుల సాయిబు ఎందుకు చావాలి? రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ మాత్రం జైలు నుంచి బయటికొచ్చి 1957లో నిక్షేపంగా పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

కొన్నిచోట్ల సైనికులే మూకలను దోపిడీకి ఎగదోశారని నివేదికలో రాసిన చేతులే, చాలాచోట్ల సైన్యమే కాపాడిందనీ రాశాయి. మగ్గాల ఊరు గద్వాల వినాల్సిన సంగతి మరొకటుంది. ముస్లిం నేతగాళ్లకు హిందూ నేతగాళ్లే ప్రాణాలకు తెగించి అడ్డునిలిచారట.

దీన్ని జాతి నిర్మూలన అంటారా అంటే, నేను అనను. ఒక సమూహాన్ని రూపుమాపాలన్న సంకల్పం రుజువైతేనే ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ జరిగింది ఊచకోత. అయితే ప్రపంచం మొహం తిప్పుకోవడం, ఆనక కప్పిపెట్టడం, ఈ రెండూ జాతి నిర్మూలన జరిగినచోట్ల ఎలా జరుగుతాయో ఇక్కడా అలాగే జరిగాయి. భారత్‌పై నిజాం ఫిర్యాదు సెప్టెంబరు 16న భద్రతామండలి ఎజెండాకెక్కింది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నానని కబురు పంపాడు. అక్కడ వాదులాడుకున్నది రాజ్యం ఎవరిదన్నదాని మీదే. పల్లెల్లో తెగుతున్న తలల ఊసు ఎవరికి? 1949 మే తర్వాత ఆ వ్యవహారాన్ని మళ్లీ ముట్టుకోలేదు. 1994లో రువాండాలో నరమేధం సాగుతుండగానే అదే మండలి తన దళాన్ని 270 మందికి కుదించాలని నిర్ణయించింది. అలవాటు పోలేదు.

ఇక కప్పిపెట్టడం. ప్రభుత్వం నివేదికను అచ్చు వేయలేదు. అది పటేల్‌కు రుచించలేదు. ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనానికి చూడ దొరికేసరికి 2013 వచ్చింది. ఈలోపు మూడు తరాలు ఒక చావును చూపించి ఇంకో చావును కొట్టేయడం నేర్చుకున్నాయి. ఏటా సెప్టెంబరు 17న మనం వింటున్న ప్రసంగాలు అవే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల చరిత్ర విద్యార్థులకు ఒక మనవి. నివేదిక లెక్క చెప్పిన జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ లేదు, 1956 దాకా గద్వాల ఉన్న రాయచూరూ లేదు. మన లెక్క మనమే రాసుకోవాలి. తొంభై దాటిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వెళ్లి అడగండి. రజాకార్ల చేతిలో పోయినవాళ్ల పేర్లు, పోలీసు చర్య తర్వాత పోయినవాళ్ల పేర్లు ఊరి పేరుతో సహా ఒకే పుస్తకంలో రాయండి. వచ్చే సెప్టెంబరు దాకా ఆగకండి.