తుపాకులమ్మే కొట్టు, కొనే జనం



అమెరికాలో బూట్లు, బంతులు అమ్మే కొట్లోనే తుపాకీ కూడా దొరుకుతుంది. దాంతో మనకేం పని అంటారా? కొట్టే భర్తకి తుపాకీ అందుబాటులో ఉంటే భార్య హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లని 2003లో అక్కడ అచ్చయిన అధ్యయనం తేల్చింది.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో ఒక యువకుడు 17 మందిని కాల్చి చంపాడు. డిక్స్ అనే ఆటసామాన్ల కంపెనీ తన రికార్డులు వెదికితే, అంతకుముందు అతనికొక తుపాకీ అమ్మింది తానేనని తేలింది. హత్యలకు వాడింది అది కాదు. అయినా రెండు వారాల్లో సైనిక తరహా రైఫిళ్ల అమ్మకం పూర్తిగా మానేసింది. 21 ఏళ్లు నిండనివాళ్లకి ఏ తుపాకీ అమ్మనంది. అప్పటి చట్టం రైఫిల్‌కి 18 చాలంటోంది! మిగిలిన రైఫిళ్లను తుక్కు చేయించింది.

మెచ్చుకున్నవాళ్లు చాలామందే. కోపం వచ్చినవాళ్లు మాత్రం ఆ కొట్టు గడప తొక్కడమే మానేశారు. యజమాని లెక్క ప్రకారం పోయిన అమ్మకాలు దాదాపు 25 కోట్ల డాలర్లు. ఆరిగన్‌లో 20 ఏళ్ల కుర్రాడొకడు ఇది వయసు వివక్ష అని కోర్టుకెక్కాడు. (వివక్ష అన్న మాటకి ఎన్ని తిప్పలో చూడండి!)

బహిష్కరణ మన ఆయుధమనుకుంటాం. అవతలివాళ్ల చేతిలోనూ అదే ఉంది. మెచ్చుకున్నవాళ్లు ఒక జత బూట్లు కొని ఊరుకుంటారు, కోపగించినవాళ్లు మర్చిపోరు.

2012 డిసెంబరులో శాండీహుక్ స్కూలు హత్యల తర్వాత పుట్టిన తల్లుల సంఘం మామ్స్ డిమాండ్ యాక్షన్ మాత్రం ఊరుకోలేదు. టార్గెట్ కొట్లలోకి తుపాకులు రాకూడదని సంతకాలు సేకరించింది. 2014 జులైలో కంపెనీ దిగొచ్చి, తుపాకులు తేవద్దని జనాన్ని కోరింది. కోరింది, అంతే. నిషేధించలేదు.