స్మృతి తప్పిన పెద్దల సేవ

(కోటప్పకొండ దిగువన జరిగిన భక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గొల్లభామ కథ మీకందరికీ తెలిసినదే. రుద్రశిఖరం మీది స్వామిని నిత్యం సేవించిన ఆనందవల్లి, గర్భవతియై కొండ ఎక్కలేకపోయింది. ఎక్కలేని భక్తురాలి కోసం స్వామియే దిగివచ్చాడు. ఆమె వెనుదిరిగి చూడగా బ్రహ్మశిఖరాన నిలిచిపోయాడు. ఈ కథను ఎన్నో సభలలో చెప్పాను. దాని అర్థం మాత్రం నా భార్య జబ్బుపడిన తరువాతే నాకు బోధపడింది.

తర్కశాస్త్రం జ్ఞానాన్ని అనుభవమని, స్మృతి అని రెండుగా విభజించింది. అనుభవం మనసులో సంస్కారాన్ని నిలుపుతుంది. ఆ సంస్కారం నుండి స్మృతి పుడుతుంది. ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్పిన నేను, నా ఇంట్లోనే స్మృతి క్షీణిస్తుంటే గుర్తించలేదు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేస్తే పరాకు అనుకున్నాను. మా వీధిలోనే దారి తప్పితే వయసు అనుకున్నాను. చివరకు గుంటూరు తీసుకువెళ్లాను. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు రావచ్చు. అవి చికిత్సకు లొంగుతాయి. అందుకని వైద్యులు ముందు ఆ పరీక్షలు చేయించి, తరువాత ఇది డిమెన్షియా అని, అందులోనూ అల్జీమర్స్ అని చెప్పారు. దీనిని పూర్తిగా మాన్పే మందు నేటికీ లేదు. కనుక సేవకే ప్రాధాన్యం.

ఆ సేవ నాకు చేతకాలేదు. సాయంకాలం కాగానే ఆమె "మా అమ్మ ఏదండీ?" అని అడిగేది. మా అత్తగారు గతించి ముప్పై ఏళ్లు. సత్యం చెప్పడమే ధర్మమనుకొని, "ఎప్పుడో పోయింది కదా" అనేవాడిని. వినిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త వార్తయే. ప్రతి సాయంకాలమూ కొత్తగా ఏడ్చేది. ఒకనాడు విసిగి, శిష్యుని గద్దించినట్లు గద్దించాను. ఆమె గోడకు ఒదిగి, "మీరెవరు బాబూ?" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తరువాత గురజాల ప్రాంతపు అమ్మాయి ఒకరు, వృద్ధుల సేవలో శిక్షణ పొందినవారు, మా ఇంటికి పనికి వచ్చారు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, ఆమెను ఏమని పిలుస్తారు, స్నానం ఏ వేళ, కాఫీ ఎలా తాగుతారు, దేనికి భయపడతారు అని అడిగి పుస్తకంలో రాసుకున్నారు. సాయంకాలం మళ్లీ అమ్మ ప్రశ్న వచ్చింది. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చొని, "మామ్మగారూ, మీ అమ్మగారు గోంగూర పచ్చడి ఎలా నూరేవారండీ?" అని అడిగారు. అరగంట సేపు చెప్పి, నా భార్య కడుపునిండా అన్నం తిన్నది. అబద్ధం చెప్పలేదు, దుఃఖపెట్టే మాటా చెప్పలేదు. నాతో మాత్రం, "పంతులుగారూ, మామ్మగారు మన దగ్గరకు రాలేరండీ. మనమే ఆవిడ దగ్గరకు వెళ్లాలి" అన్నారు. ఆ మాటతో ఆనందవల్లి కథ నాకు అర్థమైంది.

ఆ అమ్మాయి పని చూసి నేర్చుకున్నవి చెబుతాను. స్నానానికి బలవంతం చేయరు. వద్దంటే కాసేపాగి మళ్లీ అడుగుతారు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న దీపం పెట్టించారు. ఒకనాడు అకస్మాత్తుగా కలవరం పెరిగితే, జబ్బు ముదిరిందని ఊరుకోక వైద్యునికి చూపించమన్నారు. అది మూత్రంలో ఇన్ఫెక్షన్, మందుతో తగ్గింది. కట్టివేయడం, వైద్యుడు చెప్పని నిద్రమాత్ర ఇవ్వడం ఏనాడూ చేయలేదు. ఒడిలో మల్లెలు, దారం పెడితే నా భార్య చక్కగా మాల కట్టింది. స్మృతి పోయినా సంస్కారం చేతులలో మిగిలే ఉన్నది.

ఇంటి మనిషిని జీతగాళ్లకు అప్పగించారని కొందరు అన్నారు. ఆగమం చదవనివారిని మనం గర్భగుడిలోకి పంపుతామా? ఈ సేవకూ శాస్త్రం ఉన్నది. అది నేర్చినవారిని ఆశ్రయించడం ప్రేమ తగ్గడం కాదు.

మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. వీరి కోసం 1992లో కేరళలో ఆరంభమైన అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉన్నది. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉన్నది.

యాత్రికులారా, శివరాత్రి ప్రభల జనంలోకి ఇటువంటి పెద్దలను తెచ్చేటప్పుడు వారి జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి. చేయి విడవకండి. దాతలారా, అన్నదానంతో పాటు, ఊరికి ఇద్దరు యువతీయువకులకు ఈ సేవలో శిక్షణ ఇప్పించండి. వారికి తగిన జీతం, వారానికొక విశ్రాంతి దినం ఉండాలి.

నా భార్య ఇప్పుడు నా పేరు ఎరుగదు. సాయంకాలం పక్కన కూర్చొని నేనూ పూలు అందిస్తుంటాను. నన్ను చూసి భయపడడం లేదు. నాకు అంతే చాలు.

స్వామివారి అనుగ్రహం మీకందరికీ కలుగుగాక. స్వస్తి.